ఉసిరికాయంత గుడ్డు, ఒక పెట్టకి పడిన శిక్ష

ఇది కాస్త పొడుగు పోస్టే. రాయాలా వద్దా అని మేం రెండు నెలలు ఆలోచించుకున్నాం. కోడిగుడ్డు గురించి ఇంత రాయడానికేముంది అనిపించొచ్చు. చివరిదాకా చదివాక మీరే చెప్పండి.

మేం ముగ్గురం పాడేరు వైపు ఒకే ఊరి పిల్లలం. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. పోయిన చైత్రంలో ఇటుకల పండగకి ఊరెళ్లాం. పండగ మూడోరోజు పొద్దున్న మా అత్త పెరడు వెనక, గడ్డిమేటు దాటాక, పక్కింటి గోడవారన ఒక గుడ్డు కనిపించింది. (అత్త అంటే మా ముగ్గురిలో ఒకరికే సొంత మేనత్త. మిగతా ఇద్దరికీ ఊరి వరస. కానీ చిన్నప్పుడు ముగ్గురం ఆమె పెట్టిన చోడి అంబలి తాగినవాళ్లమే.) గుడ్డు ఉసిరికాయంత ఉంది. గోళీలా గుండ్రంగా, పెంకు మాత్రం మామూలు కోడిగుడ్డు పెంకే. ఆ పక్కింట్లో నాలుగేళ్ల పిల్లాడికి అప్పటికి వారం రోజులుగా జ్వరం.

ఆ ఇంటి పెద్దాయన గుడ్డుని చేత్తో ముట్టుకోకుండా ఆకులోకి దొర్లించి తెచ్చాడు. రాయి మీద పగలగొట్టారు. లోపల పచ్చసొన లేదు. నీళ్లలాంటి తెల్లసొన, అందులో మెలికలు తిరిగిన తెల్లటి దారంలాంటిది ఒకటి. "పామే అది" అన్నారు ఎవరో. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగి వచ్చింది. వచ్చేటప్పుడు ఇంకో మాటని వెంటబెట్టుకుని వచ్చింది. చిల్లంగి.

మా అత్తకి మావ పోయి ఆరేళ్లు. కొడుకుల్లేరు. ఒక్కతే ఉంటుంది. ఆ గోడవార జాగా గురించి పక్కింటివాళ్లతో రెండేళ్లుగా మాటామాటా ఉంది. ఆ రాత్రి పెద్దలు కూర్చున్నప్పుడు ఈ జాగా సంగతి ఒక్కరూ ఎత్తలేదు. గుడ్డు ఎవరి కోడిది, ఎందుకలా ఉంది, ఎవరు పెట్టించారు, ఇదే మాట్లాడారు. అత్త దగ్గర ఆ వారమే గుడ్లకొచ్చిన నల్లపెట్ట ఒకటి ఉంది. తీర్పు ఏంటంటే, ఆ పెట్టని పొలిమేర దాటించి కోసి పారెయ్యాలి, అత్త రెండు వేలు తప్పు కట్టాలి. ఇంకోసారి ఇలాంటిది కనిపిస్తే మాత్రం ఊరుకోం అన్నారు. ఊరుకోకపోతే ఏంచేస్తారో ఎవరూ అడగలేదు. మన ఏజెన్సీలో అది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

మేం ముగ్గురం అక్కడే, మంటకి కొంచెం ఎడంగా కూర్చుని ఉన్నాం. మాలో ఒకరు జువాలజీ చదువుతున్నారు. నోరు మెదపలేదు. పెట్టని కాళ్లు కట్టి తీసుకెళ్తుంటే చూస్తూ ఉన్నాం.

రెండు రోజులాగి సెలవు మీదున్న ఆశా అక్క తిరిగొచ్చి, పిల్లాడి వేలి మీద రక్తం చుక్క తీసి కిట్టులో చూస్తే మలేరియా. మాత్రలు ఇచ్చారు, తగ్గింది. తప్పు డబ్బులు మాత్రం ఎవరూ వెనక్కివ్వలేదు. పెట్ట ఎలాగూ రాదు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ముగ్గురికీ నిద్ర పట్టని రాత్రులు కొన్ని గడిచాయి. అప్పుడు లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టాం. చిన్న గుడ్డు గురించి ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎవరైనా ఏమైనా రాశారా అని. మొదట దొరికిందే మమ్మల్ని కుర్చీలోంచి లేపింది.

1474 ఆగస్టు. స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరం. (అప్పటికి ఆ నగరం ఇంకా స్విస్ సమాఖ్యలో చేరలేదు, 1501లో చేరింది.) అక్కడ ఒక కోడిపుంజు మీద విచారణ జరిగింది. నేరం, గుడ్డు పెట్టడం. పుంజు గుడ్డు పెట్టడం ప్రకృతికి విరుద్ధం కాబట్టి ఘోరమైన నేరమని తీర్పు చెప్పి, ఆ పుంజుని, అది పెట్టిందన్న గుడ్డుని కలిపి మంటల్లో కాల్చారు. మతద్రోహిని కాల్చేటప్పుడు ఎంత తంతు చేస్తారో అంతా చేశారు. నగరం జనం, చుట్టుపక్కల పల్లెల రైతులు పెద్ద గుంపుగా వచ్చి చూశారు. ఈ కేసు గురించి ఇ. పి. ఎవాన్స్ అనే ఆయన 1906లో, జంతువుల మీద నడిచిన కోర్టు కేసులన్నీ చేర్చి రాసిన పుస్తకంలో వివరంగా ఉంది. ఆ పుస్తకంలో పందులున్నాయి, ఎలకలున్నాయి, పురుగులు కూడా ఉన్నాయి. వాటికి వాదించడానికి లాయర్లు కూడా ఉన్నారు కొన్నిచోట్ల. మా నల్లపెట్టకి అది కూడా లేదు.

ఇంత భయం ఎందుకంటే, బాసిలిస్క్ అని ఒక జంతువు ఉందని యూరప్ అంతా నమ్మేది. అది పాములకి రాజు. ఊపిరితో చంపుతుంది, చూపుతో చంపుతుంది. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ దీని గురించి రాశాడు. అప్పటికి అది ఎడారిలో ఉండే పాము మాత్రమే, కోడితో సంబంధం లేదు. ఆ తర్వాత వెయ్యేళ్లలో కథ పెరిగింది. 12వ శతాబ్దం వచ్చేసరికి ముసలి పుంజు ఒకటి గుడ్డు పెడుతుందని, దాన్ని కప్ప పొదుగుతుందని, అందులోంచి బాసిలిస్క్ పుడుతుందని పండితులే పుస్తకాల్లో రాస్తున్నారు. ఆ పుంజు గుడ్డు ఎలా ఉంటుందయ్యా అంటే, చిన్నగా, గుండ్రంగా, పచ్చసొన లేకుండా. అంటే మా అత్త పెరడు వెనక దొరికింది ఎలా ఉందో అలాగే.

ఇందులో ఒక తమాషా ఉంది. బాసెల్ నగరం గుర్తు కూడా బాసిలిస్కే. ఇప్పటికీ ఆ ఊరి వీధుల్లో నీళ్ల కుళాయిల మీద ఇనుప బాసిలిస్క్‌లు కూర్చుని ఉంటాయి. జనం వాటి ముక్కులోంచి పడే నీళ్లు తాగుతారు. ఏ జంతువు భయంతో పుంజుని కాల్చారో, ఆ జంతువు బొమ్మ నోట్లోంచే దాహం తీర్చుకుంటున్నారు. మాకు ఇది చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది కూడా.

ఇంగ్లండు పల్లెల్లోనూ ఈ చిన్న గుడ్డుని 'పుంజు గుడ్డు' అనే పిలిచేవాళ్లు. ఇంట్లోకి తేకూడదు. ఇంటికప్పు మీదుగా అవతలికి విసిరేసి పగలగొట్టాలి. సరిగ్గా మన ఊళ్లలో ముసలివాళ్లు చెప్పేలాగే ఉంది కదా. వాళ్లకి మనం నేర్పలేదు, మనకి వాళ్లు నేర్పలేదు. గుడ్డు ఒకటే, దాన్ని చూసిన కళ్లలో బెదురు ఒకటే.

మరి ఈ బెదురు పోగొట్టింది ఎవరు? 1646లోనే థామస్ బ్రౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు, జనంలో ఉన్న తప్పుడు నమ్మకాల మీద రాసిన పుస్తకంలో, పుంజు గుడ్డులోంచి పాము పుట్టడం అబద్ధమని వాదించాడు. అది వాదన. చేతులు పెట్టి చూసినాయన మాత్రం ఇంకో అరవై ఏళ్ల తర్వాత ఫ్రాన్సులో దొరికాడు. పేరు లా పెరోనీ. మోంపెలియే నగరంలో సర్జను. తర్వాత కాలంలో ఫ్రాన్సు రాజు 15వ లూయీకి ముఖ్య సర్జను అయ్యాడు. 1710లో ఈయన పారిస్ సైన్స్ అకాడమీకి ఒక వ్యాసం ఇచ్చాడు. దాని విషయం ఏంటో తెలుసా? పచ్చసొన లేని చిన్న కోడిగుడ్లు, జనం పుంజు గుడ్లు అనేవి. మూడొందల ఏళ్ల కిందట ఒక పెద్ద డాక్టరు సరిగ్గా మా ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నాడు.

జరిగింది ఇది. ఒక రైతు ఆయన దగ్గరికి ఇలాంటి చిన్న గుడ్లు తెచ్చి, మా పుంజు పెడుతోందండీ అన్నాడు. పగలగొడితే పచ్చసొన లేదు, మధ్యలో పాముపిల్లలా చుట్టుకున్న దారం ఉంది. లా పెరోనీ పుంజుని కోసి చూశాడు. అది నిఖార్సైన పుంజు, లోపల గుడ్డు పుట్టే చోటే లేదు. పుంజు చచ్చాక కూడా రైతు పెరట్లో ఆ గుడ్లు వస్తూనే ఉన్నాయి. అప్పుడు రైతు కాపు కాసి చూస్తే, పెట్టేది ఒక పెట్ట. ఆ పెట్ట గొంతు బొంగురుగా, పుంజు కూసినట్టు కూసేది. దాన్ని కోసి చూస్తే లోపల నీళ్లు నిండిన తిత్తి ఒకటి పెరిగి గుడ్డు దిగే గొట్టాన్ని నొక్కేస్తోంది. అందుకని పచ్చసొన సరిగ్గా గుడ్డులోకి చేరడంలేదు. పాము అనుకున్నది తెల్లసొనలో ఉండే మెలికల తాడు. అంతే కథ.

ఆ రైతు పుంజు ఉత్తిపుణ్యానికి చచ్చింది, నిజమే. కానీ లా పెరోనీ పుంజు దగ్గర ఆగిపోలేదు. ఆయన అనుమానం తప్పని తేలాక కూడా గుడ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో అడగడం మానలేదు. మా ఊరి రాత్రిలో లేనిది అదే. గుడ్డు కనిపించిన గంటలో జవాబు దొరికేసింది, ఇంక ప్రశ్న అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మాలో జువాలజీ వాళ్లు ఆ రాత్రి చెప్పాల్సింది ఇక్కడ చెప్తున్నారు. ఆలస్యంగానే అయినా.

గుడ్లకొచ్చిన పెట్టని ఎప్పుడైనా కోస్తే లోపల పచ్చసొనల గుత్తి చూసే ఉంటారు. ఒకటి పెద్దది, తర్వాత గోళీ అంత, తర్వాత శనగ్గింజంత, తర్వాత ఆవగింజలు. ఆ గుత్తి పెట్టకి ఎడమవైపే ఉంటుంది, కుడివైపుది పనిచేయదు. పండిన సొన గుత్తి నుంచి తెగి గొట్టంలో పడుతుంది. మొదట దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది, దీనికి మూడు గంటలు. తర్వాత పలచటి పొర. చివర్లో పెంకు, దీనికే ఇరవై గంటల దాకా పడుతుంది. మొత్తం కలిపి ఒక రోజు పైన. సొన అటూ ఇటూ కదలకుండా రెండువైపులా పట్టి ఉంచే తెల్లటి మెలితిరిగిన తాళ్లు ప్రతి గుడ్డులోనూ ఉంటాయి. ఈసారి ఆమ్లెట్టు వేసేటప్పుడు చూడండి. పచ్చసొన ఉన్న గుడ్డులో అది ఎవరి కంటా పడదు. సొన లేని గుడ్డులో అదొక్కటే కనిపిస్తుంది కాబట్టి పామైపోతుంది.

నాటుపెట్ట ఆరేడు నెలలకి గుడ్లకొస్తుంది. పెద్దయ్యాక దాని గుడ్డు 40 గ్రాములు అటూ ఇటూగా తూగుతుంది. మొదటి గుడ్లు చిన్నవి. ఎందుకంటే పెట్టే చిన్నది, దాని గుత్తిలో సొనలూ చిన్నవి. పైగా ఆ గొట్టానికి ఇంకా అలవాటు కుదరదు. ఒక్కోసారి సొన గొట్టంలో పడకుండా పక్కకి జారిపోతుంది. లేదా సొనకి బదులు చిన్న రక్తపు గడ్డో, పొర ముక్కో లోపల పడుతుంది. గొట్టానికి ఆ తేడా తెలియదు. ఏదో వచ్చింది కదా అని తెల్లసొన చుట్టేస్తుంది, పెంకు కట్టేస్తుంది. పది పదిహేను గ్రాముల గోళీ గుడ్డు బయటికొస్తుంది. కొన్ని వారాల్లో అన్నీ సర్దుకుంటాయి. ముదురు పెట్ట కూడా బెదిరినప్పుడో, జబ్బు చేసినప్పుడో ఇలాంటిది ఒకటి పెట్టొచ్చు. కొక్కెర తెగులు సోకి బతికిన కోళ్లు వంకర గుడ్లు, తోలుగుడ్లు పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు.

పెట్ట కూయడం కూడా ఇలాంటిదే. కూసిన పెట్టని ఇంట్లో ఉంచకూడదని మా ఊళ్లో వెంటనే కోసేస్తారు. జబ్బు వల్ల ఎడమవైపు గుత్తి పాడైతే, అప్పటిదాకా నిద్రపోతున్న కుడివైపుది పుంజు లక్షణాలతో పెరగడం మొదలుపెడుతుంది. తురాయి పెరుగుతుంది, కూత వస్తుంది. బాసెల్‌లో కాల్చింది అలా మారిన పెట్టనే అయ్యుండొచ్చని చాలామంది రాశారు. మాకూ అలాగే అనిపిస్తుంది.

ఇదంతా చదివాక ఇంకాస్త వెనక్కి వెళ్లాం. లా పెరోనీ కన్నా రెండు వేల ఏళ్ల ముందు, క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు పండితుడు అరిస్టాటిల్ జంతువుల మీద పెద్ద పుస్తకం రాశాడు. అందులో చాలా మామూలుగా, ఒక్క ముక్కలో, చిన్న వయసు పెట్టలు వసంతం మొదట్లోనే గుడ్లకొస్తాయని, ముదురు పెట్టల కన్నా ఎక్కువ పెడతాయని, కానీ ఆ గుడ్లు చిన్నగా ఉంటాయని రాసి ఉంది. పొదిగినా పిల్లకాని గుడ్లు చిన్నగా, పలచగా ఉంటాయన్న మాట కూడా ఉంది. భయం లేదు, దెయ్యం లేదు. ఈ సంగతి ఆయన ఎవరో కోళ్లు పెంచేవాళ్ల దగ్గర విని ఉంటాడు. ఎందుకంటే ఇది పెరట్లో రోజూ గింజలు చల్లేవాళ్లకే తెలిసే సంగతి. వసంతం అన్నాడు చూశారా, మా అత్త పెట్ట గుడ్లకొచ్చింది కూడా చైత్రంలోనే. పగలు పొడుగయ్యే కొద్దీ కోడి ఒంట్లో గుడ్ల పని మొదలవుతుంది, ఏథెన్స్‌లో అయినా పాడేరులో అయినా.

అంటే పుస్తకంలో ఉన్న నిజం పక్కన పెట్టి, పుస్తకంలో ఉన్న భయాన్నే బాసెల్ పెద్దలు నమ్ముకున్నారు. వాళ్లు చదువురాని వాళ్లు కాదు. 1460లోనే ఆ ఊళ్లో యూనివర్సిటీ పెట్టారు. పుంజుని కాల్చేనాటికి దానికి 14 ఏళ్లు. మేం ముగ్గురం ఆ రాత్రి మంట పక్కన కూర్చున్న సంగతి మళ్లీ గుర్తొచ్చింది ఇది చదివినప్పుడు.

పుంజు దగ్గర ఆగితే ఇది నవ్వుకునే కథే. ఆగలేదు. స్విట్జర్లాండ్‌లోనే గ్లారుస్ అనే ప్రాంతంలో అన్నా గోల్డి అని ఒక పనిమనిషి ఉండేది. ఒక వైద్యుడి ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి పాపకి పాలల్లో సూదులు కనిపించాయన్నారు, పాపకి జబ్బు చేసింది, ఈమే చేసిందన్నారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. 1782లో తల నరికారు. యూరప్‌లో మంత్రగత్తె అన్న నింద మీద కోర్టు చంపిన చివరి మనుషుల్లో ఆమెని ఒకరిగా చెప్తారు. తీర్పు కాగితంలో మంత్రగత్తె అన్న మాట రాయకుండా జాగ్రత్తపడ్డారు, విషం పెట్టిందని రాశారు. అప్పటికే ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడే కాలం వచ్చింది, చంపడానికి మాత్రం సిగ్గు రాలేదు. 2008లో గ్లారుస్ పార్లమెంటు ఆమె నిర్దోషి అని ప్రకటించింది. 226 ఏళ్లు పట్టింది.

ఒంటరి ఆడమనిషి. జబ్బుపడ్డ పిల్ల. పెద్దింటివాళ్లతో ఏదో తగువు. ఈ మూడూ మాకు కొత్తవి కావు.

ఇక్కడ ఇంకో మాట చెప్పుకోవాలి, లేకపోతే ఈ పోస్టు చదివి బయటివాళ్లు, చూశారా వీళ్ల మూఢనమ్మకాలు అంటారు. ఎడ్గర్ థర్స్టన్ అని మద్రాసు మ్యూజియంకి చాలా ఏళ్లు సూపరింటెండెంటుగా చేసినాయన ఉన్నాడు. మన తాతముత్తాతల ముక్కులు, తలలు కొలిచినాయన. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. 1912లో దక్షిణాది శకునాలు, మూఢనమ్మకాల మీద ఇంకో పుస్తకం వేశాడు. ఆంత్రోపాలజీ చదివేవాళ్లకి ఇవి ఇప్పటికీ రిఫరెన్సులు. మూఢనమ్మకం అన్న ముద్ర మన కొండల మీద అలా పడింది. ఆ పుస్తకాలు రాసిన భాష మాట్లాడే పల్లెల్లోనే చిన్న గుడ్డుని ఇంటికప్పు మీదుగా విసిరేవాళ్లు. దాన్ని మాత్రం జానపద ఆచారం అంటారు, ముచ్చటగా పుస్తకాల్లో రాసుకుంటారు.

మేం చెప్పేది, ఈ ముద్రకి భయపడి చిల్లంగి గురించి మనలో మనం కూడా మాట్లాడుకోకపోవడం సరికాదని. బయటివాళ్ల ముందు మన పరువు పోతుందని మనం ఊరుకుంటే, ఊళ్లో ఒక అత్త ఇల్లు దాటి బయటికి రాలేకపోతుంది. వేరే రాష్ట్రాలవాళ్లు మాట్లాడుకున్నారు. బీహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో, ఒడిశాలో 2013లో మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడం మీద చట్టాలు వచ్చాయి. బీహార్ తప్ప మిగతా మూడూ ఆదివాసీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలే. చట్టం వచ్చాక ఆగిపోయిందని కాదు. కేసు పెట్టడానికి కనీసం ఒక పేరు దొరికింది.

ఇంకోటి. గుడ్డుని చూసి భవిష్యత్తు చదవడం కూడా మన లోకంలో ఉంది. మేఘాలయలో ఖాసీలు పలక మీద గుడ్డు కొట్టి, పెంకులు ఎటు పడ్డాయో చూసి జబ్బుకి కారణం వెతికేవాళ్లని గుర్డన్ 1907లో రాశాడు. మన వైపు కూడా పూజల్లో గుడ్డు పెట్టడం ఉంది. మేం దాన్ని తప్పుపట్టడంలేదు. దేవతకి గుడ్డు పెట్టడం వేరు, ఆ గుడ్డు పేరు చెప్పి మనిషిని ఒంటరిని చెయ్యడం వేరు. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసేవాళ్లతో కూడా మాకు పేచీ ఉంది.

కోడి అసలు మనదే అని కూడా ఒక మాట. ప్రపంచంలోని పెరటి కోళ్లన్నీ ఎర్ర అడవికోడి నుంచి వచ్చాయని డార్విన్ అన్నాడు. అది చాలావరకు నిజం. కానీ 2008లో స్వీడన్ పరిశోధకులు కోళ్ల జన్యువులు చూసి, కోడి కాళ్లకి పసుపురంగు ఇచ్చే జన్యువు మాత్రం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని తేల్చారు. ఆ కోడి దక్షిణ భారతం అడవుల్లోది. ఈ రెండు అడవికోళ్ల ఇలాకాలు గోదావరి దగ్గర కలుస్తాయి. అమెరికాలో ఫ్రై చేసే కోడి పసుపు కాళ్లలో కూడా మన వైపు అడవి ఉందన్నమాట. ఇది మా వ్యాసానికి అంత అవసరం కాదు గానీ, తెలిసినప్పుడు సంతోషమేసింది, చెప్పకుండా ఉండలేకపోయాం.

వేసవి సెలవుల్లో మళ్లీ ఊరెళ్లాం. లా పెరోనీ కథంతా తెలుగులో రాసుకుని, గుడ్డు లోపలి బొమ్మ కూడా గీసుకుని తీసుకెళ్లాం. అత్త అరుగు మీద చోళ్లు చెరుగుతోంది. ముందు ఆమెకే చెప్పాలనుకున్నాం. బాసెల్ దగ్గర మొదలుపెట్టి పెట్ట లోపలి గొట్టం దాకా వచ్చేసరికి ఆమె చేట కింద పెట్టి మా ముఖాలు చూసింది.

"తొలిగుడ్లు అంతే కదర్రా. పెట్టపిల్ల ఒళ్లే అంత, గుడ్డు ఎంతుంటాది? అందులో ఒకటి రెండు సొనలేని పిట్టగుడ్లు కూడా పడతాయి. మా అమ్మ చెప్పేది. నలభై ఏళ్లనుంచి చూస్తన్నాను."

మేం మాట్లాడలేకపోయాం. కాసేపటికి మాలో ఒకరు అడిగారు, మరి ఆ రాత్రి ఎందుకు చెప్పలేదత్తా అని.

"నన్నెవరడిగారు? అడిగిందల్లా డబ్బులు ఎప్పుడు కడతావనే."

మూడు నెలలు లైబ్రరీలో మేం వెతికింది ఆ అరుగు మీదే ఉంది. లా పెరోనీ కన్నా ముందు ఆమెని అడగాల్సింది.

ఇంకోటి కూడా చెప్పింది అప్పుడు. నల్లపెట్టతో పాటు అదే పొదుగులో పుట్టిన ఎర్రపెట్ట ఒకటి ఉంది. అది వైశాఖంలో గుడ్లకొచ్చింది. మొదటి నాలుగు గుడ్లూ చిన్నవే. అత్త చీకట్లో లేచి, ఎవరికంటా పడకుండా గుడ్డు పెట్టే చోటు వెతుక్కుని, వాటిని పెంటకుప్పలో లోతుగా పాతిపెట్టిందట. ఐదోది కొంచెం పెద్దదైంది. ఇప్పుడు మామూలు గుడ్లే. పదకొండు పోగుచేసి పొదగేసింది.

పెద్దలతో మాట్లాడతాం అన్నాం. పండగకి అందరూ ఉన్నప్పుడు, ఒక పెట్టపిల్ల చిన్న గుడ్డుని అందరి ముందు కొట్టి చూపిస్తాం అన్నాం. అత్త వద్దంది. "మీరు రెండు రోజులుండి బస్సెక్కిపోతారు. నేను ఇక్కడే ఉండాల" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మీ ఊళ్లలో ఇలాంటిది జరిగినప్పుడు ఎవరైనా మాట్లాడి ఉంటే, ఎవరితో మొదలుపెట్టారు, దిసారితోనా, ఆశా అక్కతోనా, పెద్దలతోనా, నింద పడ్డ మనిషికి ఇంకా కష్టం రాకుండా ఎలా చేశారు, రాయండి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు వద్దు.

బస్సు దాకా సాగనంపడానికి అత్త రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, పొదుగు మీదున్న పెట్ట దిగేలోగా పట్నం నుంచి కొక్కెర తెగులు మందు తెమ్మని చెప్పింది. ఐసులో పెట్టి తేవాలట, లేకపోతే పనిచెయ్యదట.